కణంలోకి దారి చూపే ధ్వని

తాండూరు స్కానింగ్ సెంటర్లో కడుపులో బిడ్డను చూపించే అల్ట్రాసౌండ్‌కు ఇంకో నేర్పు కూడా ఉంది: మందును కణంలోకి పంపడం. కొవ్వు పొర చుట్టిన, ఎర్ర రక్తకణమంత చిన్న వాయుబుడగలను రక్తంలోకి ఎక్కిస్తారు. ధ్వని తగిలితే అవి ఉబ్బుతూ ముడుచుకుంటూ పక్కనున్న కణం పొరలో రంధ్రాలు చేస్తాయి. మందు ఆ సందులోంచి లోపలికి చేరుతుంది. మరి కణం చావదా? తీవ్రత మించితే చస్తుంది, రక్తనాళమూ చిట్లుతుంది. మితంగా వాడితే చాలా రంధ్రాలు క్షణాల్లోనో నిమిషాల్లోనో పూడిపోతాయి. కాబట్టి అసలు విద్యంతా మోతాదులోనే ఉంది. 2015లో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రి వైద్యులు, రక్తంలోని మందును మెదడుకు చేరనివ్వని అడ్డుగోడను ఇవే ధ్వని, బుడగలతో కాసేపు తెరిచి, ఒక రోగి కణితికి కీమోథెరపీ మందు అందించారు.

అలాగైతే వికారాబాద్ దగ్గర అనంతగిరి క్షయ ఆసుపత్రి రోగులకూ, నాపరాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన కార్మికులకూ ఇది పనికొస్తుందా? అంత తేలిక కాదు. గాలి ఎదురైతే ఈ ధ్వని వెనక్కి మళ్లుతుంది. స్కానింగ్‌లో చర్మం మీద జెల్ పూసేది పరికరానికీ చర్మానికీ మధ్య గాలి పొరను తప్పించడానికే. ఊపిరితిత్తుల నిండా ఉన్న గాలిని ఏ జెల్ తప్పిస్తుంది? అందుకే పరిశోధకుల చూపు ముందు మెదడు, కాలేయం, క్లోమం కణితుల మీద పడింది. నాపరాయి కోసేచోట మాత్రం నీళ్లు చల్లి దుమ్ము అణచడమే ఇప్పటికి మేలు.