పాత కారునకు స్టీరింగు చక్రము

మోటారు కారు పుట్టిన తొలిదినములలో దానికి నేటివలె గుండ్రని చక్రము లేదు. పడవకు చుక్కాని ఉన్నట్లే, బండిని త్రిప్పుటకు ఒక పొడుగాటి పిడి ఉండెడిది. 1894లో పారిస్ నుండి రువాన్ నగరమునకు జరిగిన పందెములో ఆల్ఫ్రెడ్ వషెరాన్ అను నాతడు తన పానార్ బండికి పిడికి బదులు చక్రమును అమర్చెను. వేగము హెచ్చిన కొలదియు పిడి చేతిని విదలించును. చక్రము రెండు చేతులకును పట్టు నిచ్చును. గోదావరి మీద చుక్కాని పట్టువారిని చూచుచు పెరిగిన మనకు ఈ మార్పులోని మేలు వేరుగ చెప్ప నక్కరలేదు.

రావులపాలెములో మా యింట ఒక అంబాసిడరు కారు కలదు. మా తండ్రిగారు 1968లో కొన్నది. అరటి గెలల బేరమునకును, కొత్తపేట, అమలాపురముల పెండ్లిండ్లకును ఆయన దానినే తోలుకొని పోయెడివారు. మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని హిందూస్థాన్ మోటార్సువారు కలకత్తా చెంతనున్న ఉత్తరపారలో 1957లో ఈ జాతి బండ్ల తయారీని ఆరంభించిరి. 2014 మే నెలలో అది నిలిచిపోయినది. కావున అట్టి బండికి ఏ భాగము చెడినను, క్రొత్తది తెచ్చి తగిలించుట ఒకనాటివలె సుళువు గాదు.

కొంతకాలము క్రిందట మా కారు చక్రము మీద చుట్టిన రంగుల ప్లాస్టిక్ తీగను విప్పి చూచితిమి. లోపల నల్లని పూత అయిదారు చోట్ల బీటలు వారి యున్నది. ఎండలో నిలిచిన పాత చక్రములకు ఇది సహజమైన జబ్బు. లోని ఉక్కు చట్రము, పైని గట్టి పూత వేడికి ఒకే తీరున సాగవు. అందుచే పై పూత పగులును. ఆ పగుళ్ళను తీగచుట్టు కప్పిపుచ్చినది గాని బాగుచేయలేదు.

మా అన్నగారి కుమారుడు పట్నము నుండి తోలు తొడిగిన చిన్న చక్రము నొకదానిని తెచ్చెను. “బాబాయిగారండీ, ఇది తగిలిస్తే మన బండి కుర్రదైపోద్దండి” అనెను. చూచుటకు ముచ్చటగనే ఉండెను. ఒక దుకాణమువారు నడుమ ఒక దిమ్మ పెట్టి దానిని బిగించి యిచ్చిరి. మరునాడు లొల్ల లాకుల వైపు కాలువ గట్టు వెంట పోవుచుండగా, ఒక మలుపులో చక్రము బొటనవ్రేలి వెడల్పు తిరిగినది, బండి మాత్రము తిరుగలేదు. ఎడమ ప్రక్క నిండు కాలువ. బండి మెల్లగ పోవుచుండుట మమ్ము కాపాడినది. అక్కడనే ఆపి, త్రాడు కట్టించి ఇంటికి లాగించుకొని వచ్చితిమి.

ఊరిలోని ముసలి మేస్త్రి దానిని విప్పి చూచి, “పళ్ళు కలవలేదండి. ఇదంతా నట్టు బిగువు మీద నిలబడిందండి. నట్టుని నమ్ముకుని కాలవ గట్టు మీద తోల్తారాండీ?” అని అడిగెను. ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానము లేకుండెను. ఆనాడు మేము నేర్చుకొన్న సంగతులను, పాత కారు గల ఇతరులకు ఉపకరించునని, ఇచట చెప్పుచున్నాము.

మొదటిది పళ్ళ సంగతి. స్టీరింగు కడ్డీ తలమీద సన్నని నిలువు పళ్ళు ఉండును. చక్రపు నడిబొడ్డులోను అట్టి పళ్ళే చెక్కబడి యుండును. లెక్క, లోతు, చుట్టుకొలత సరిగా కుదిరినప్పుడే రెండును ఒకటిగా తిరుగును. నట్టు పని చక్రము పైకి ఊడి రాకుండ ఆపుట మాత్రమే. త్రిప్పుడు బరువును మోయవలసినవి పళ్ళు. కావున రంధ్రమును ఆకురాయితో పెద్దది చేసి తొడిగిన చక్రమును ఎన్నడును అంగీకరింపరాదు. దిమ్మ వాడవలసి వచ్చినచో, అది ఆ బండి కడ్డీకే చేసినదై యుండవలెను.

రెండవది చక్రపు వ్యాసము. పాత బండ్ల చక్రములు పెద్దవిగ నుండుట సోకు కొరకు గాదు. చేతిబలమునకు తోడ్పడు యంత్రము వానిలో లేదు. 16 అంగుళముల చక్రము తీసి 12 అంగుళములది పెట్టినచో, అదే మలుపునకు చేతులు మూడవ వంతు అధికముగా శ్రమపడవలెను. పూర్వపు 5వ నంబరు జాతీయ రహదారి మీద తిన్నగ పోవునపుడు ఇది తెలియదు. అంగడి వీధిలో అరటి లారీల నడుమ బండిని వెనుకకు త్రిప్పునపుడు భుజములకు తెలియును.

మూడవది లోతు. చక్రము రొమ్మునకు మరీ దగ్గరగా రాకూడదు, మోకాళ్ళకు తగులకూడదు, వేగము చూపు ముల్లును మరుగుపరుపకూడదు. పాత అంబాసిడరులో గేరు కడ్డీ స్టీరింగు స్తంభమునకే యున్నది. చేయి చక్రము నుండి దానిని తడుముకొనకుండ అందుకొనవలెను. హారను తీగకు గూడ క్రొత్త చక్రములో దారి ఉన్నదో లేదో కొనకముందే చూచుకొనవలెను.

నాల్గవది చట్టము. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, తయారైన నాటి రూపములోనే కాపాడబడిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు కేంద్రప్రభుత్వము 2021 జూలైలో ప్రత్యేక నిబంధనలు చేసినది. వానికి ‘వి.ఎ.’ అను అక్షరములతో వేరు నంబరు వచ్చును. అట్టి బండిని నిత్యవాడుకకు గాని బాడుగకు గాని త్రిప్పరాదు. ఆ గౌరవమును కోరువారు అసలు రూపము చెడకుండ చూచుకొనుట మంచిది. అంగడిలో పసందైన చక్రము నచ్చినను, తీసిన పాత చక్రమును పారవేయరాదు.

ఇక విప్పు పద్ధతి. ముందు బ్యాటరీ తీగ తీయవలెను. ముందు చక్రములను తిన్నగ నిలిపి, కడ్డీ మీదను స్టీరింగు బొడ్డు మీదను ఒకే గీత గీయవలెను. నట్టును పూర్తిగా తీయక, రెండు మూడు చుట్లు మిగిల్చి, పుల్లరుతో లాగవలెను. లేనిచో చక్రము ఒక్కసారి ఊడి ముఖమునకు తగులును. కడ్డీ తలమీద సుత్తితో కొట్టుట పెద్ద తప్పు. మరలు చెడుటయే గాక ఆ దెబ్బ లోని భాగములకును పోవును. క్రొత్తది బిగించిన పిమ్మట, బండి నిలిచి యుండగనే ఈ కొస నుండి ఆ కొసకు త్రిప్పి చూచి, తరువాతనే దారి పట్టవలెను.

మేము తుదకు ఏమి చేసితిమని అడుగవచ్చును. మేస్త్రి మా పాత చక్రమును దీపపు వెలుతురున శోధించెను. ఉక్కు చట్రము గాని, ఆకుల అతుకులు గాని చెడినచో బాగుచేయు మాట తలపెట్టరాదని ముందే చెప్పెను. మా అదృష్టమున పగుళ్ళు పై పూతకే పరిమితమై యుండెను. ప్రతి పగులును ఆకురాయితో వెడల్పు చేసి, ఎపాక్సీ నింపి, ఆరిన పిదప అరగదీసి, నల్లరంగు వేసిరి. అవే పళ్ళు, అదే కొలత, అదే గీతకు మరల బిగించిరి. తీగ మరల చుట్టలేదు. ఇకమీద బీట వచ్చినచో కంటికి కనబడవలెను గదా.

రంగు వేయునపుడు కుడి ప్రక్కన మా తండ్రిగారి చేయి ఆని ఆని నునుపెక్కిన పల్లమును పూడ్చవలదని కోరితిమి. మేస్త్రి దానిని అట్లే వదలెను. మొన్న మా అన్నగారి కుమారుడు ఆ చక్రము పట్టుకొని కొత్తపేట వరకు పోయి వచ్చెను. దిగిన తరువాత, “బరువు లేదండి, బాగానే తిరుగుతోందండి” అనెను. వాడు తెచ్చిన తోలు చక్రము ఇప్పుడు మా అటుక మీద నున్నది.