ఆదివారం సాయంత్రం బస్సు
(పావగడలో జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



బోనసు సంగతి చెబుతానని వచ్చినవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి. అది వచ్చే సమావేశంలో మాట్లాడుకుందాం. ఈ పూట బస్సు గురించి చెబుతాను.

పావగడ నుంచి మధుగిరి, కొరటగెరె, దాబస్‌పేట మీదుగా బెంగళూరు 150 కిలోమీటర్లకు పైమాటే. మనలో చాలామంది ఆదివారం సాయంత్రం బస్సెక్కి, సోమవారం మొదటి షిఫ్టుకు మిషను ముందు నిలబడేవాళ్ళు. ఆ దారిలో ఒళ్ళు పాడైతే ఆ నష్టం ఏ లెక్కలోనూ రాదు.

నా సంగతే చెబుతాను. 1992లో బెంగళూరులో ఒక మిల్లులో రింగ్ ఫ్రేముల దగ్గర డాఫింగ్ చేసేవాణ్ణి. ఊరికి వచ్చిపోయేటప్పుడు పెద్ద తెలివైనవాడిలాగా, బస్సెక్కడానికి మూడు గంటల ముందే నీళ్ళు మానేసేవాణ్ణి. బస్సు ఆపమని అడగనక్కర్లేదు, సీటూ పోదు. మూడేళ్ళు ఇదే వరస. మిల్లులో చెమట, బస్సులో దాహం. ఒక రాత్రి షిఫ్టులో నడుము పక్కన కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి ఫ్రేము పక్కనే కూలబడ్డాను. కిడ్నీలో రాయి అన్నారు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతావయ్యా?" అని. పదకొండు రోజుల జీతం పోయింది.

మగవాళ్ళం, ఏ చెట్టు చాటుకో పోతాం. మరి ఆడవాళ్ళు? నాలుగైదు గంటలు బిగబట్టుకుని కూర్చుంటారు. తరువాత మూత్రంలో మంట, చలిజ్వరం. చెప్పుకోవడానికి సిగ్గు. మందుల షాపులో ఏదో మాత్ర కొని మింగి డ్యూటీకి పోతారు. అలా చేయకండమ్మా. మంటతో పాటు జ్వరం, నడుంనొప్పి వచ్చిందంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలలేదని గుర్తు. ఒకేసారి చెంబెడు కాదు, గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. బస్టాండులో బస్సు ఆగినప్పుడు కండక్టరుకు చెప్పి దిగండి. ఒక్కరు అడిగితే విసుక్కునే డ్రైవరు నలుగురు కలిసి అడిగితే ఆపుతాడు. ఇది మనకు కొత్త సంగతి కాదు కదా!

ఇంటినుంచి ఫిల్టర్ నీళ్ళే తెచ్చుకోండి. మన తాలూకా బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి మన పళ్ళే చెబుతాయి. కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

ఇక కాళ్ళు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానమైనా బస్సయినా ఒకటే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఇది అరుదే, భయపడొద్దు. కానీ గర్భిణులు, బాలింతలు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. సీట్లో కూర్చునే కుట్టుమిషను తొక్కినట్టు పాదాలు ఆడిస్తూ ఉండండి. ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, నూనె రాసి పిసుక్కుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

వాంతులయ్యేవాళ్ళు ముందు సీట్లో కూర్చుని దూరంగా చూడండి, ఫోను చూడకండి. బోండాలు దిగాక తినొచ్చు.

2023 జూన్ 11 నుంచి శక్తి పథకంలో ఆడవాళ్ళకు మన రాష్ట్రంలో ప్రభుత్వ బస్సు టికెట్టు ఉచితమైంది. మంచిదే. రద్దీ కూడా పెరిగింది. ఫుట్‌బోర్డు మీద వేలాడకండి. 2022 మార్చి 19న వై.ఎన్.హొసకోట నుంచి పావగడకు వస్తున్న ప్రైవేటు బస్సు కిక్కిరిసి పళవళ్ళి దగ్గర బోల్తా పడింది. చదువుకునే పిల్లలు పోయారు. ఆ రోజు మనమెవరం మరచిపోలేదు.

ఇంకొక మాట. ఇంటినుంచి డ్యూటీకి పోయే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో జరిగిన ప్రమాదంగా చూసేలా 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించారు. అయితే ఆ ప్రయాణానికీ డ్యూటీకీ సంబంధం చూపించాలి. కాబట్టి టికెట్టు పారేయకండి. సున్నా రూపాయల టికెట్టయినా సరే, దాచుకోండి.

సాయంత్రం బస్సులు దారిలో మరుగుదొడ్డి ఉన్నచోట పది నిమిషాలైనా ఆపాలని డిపో మేనేజరుకు అర్జీ రాశాం. కాగితం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. సంతకం పెట్టి వెళ్ళండి. వేలిముద్రయినా చెల్లుతుంది.