పాడుబడిన కోటలు – పేరు పోయిన మనుషులు

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నాందేడు పరిసరాలలో పాత కట్టడాలకు కొదవ లేదు. వాటిలో కాపురమున్నవని చెప్పే దయ్యాలకూ కొదవ లేదు. ఒకే భయాన్ని తెలుగువారు దయ్యమనీ, మరాఠీవారు భూతమనీ, ఉర్దూ మాట్లాడేవారు జిన్ అనీ పిలుస్తారు. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకా నాందేడుకు వచ్చింది, నాందేడులోని ముధోల్ ఆదిలాబాదుకు వెళ్లింది. సరిహద్దు రాళ్లు జరిగాయి, కచేరీలు మారాయి, బడిపిల్లల పాఠ్యపుస్తకాలు మారాయి. దయ్యాల కథలు మాత్రం ఏ తాలూకాకూ బదిలీ కాలేదు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు పల్లెలలో చెప్పే కథనే బాసర పక్కనా చెబుతారు.

దయ్యాలున్నాయా, లేవా అన్న చర్చ ఈ ప్రసంగానికి విషయం కాదు. ఆ చర్చ ఎన్నడూ తెగదు, తెగినా చరిత్రకు ఒరిగేది తక్కువ. ఫలానా కట్టడంలోనే దయ్యమున్నదని జనం ఎందుకన్నారు, పక్కనున్న కట్టడాన్ని ఎందుకు వదిలిపెట్టారు అన్నదే విచారించదగిన ప్రశ్న.

ముందుగా, లోకవిశ్వాసం ప్రకారం దయ్యం ఎవరవుతారో చూడవలసి ఉన్నది. మరాఠీ పల్లెలలో ముంజ్యా అంటే ఒడుగు అయి పెండ్లి కాకుండానే చనిపోయిన బాలుడు. రావిచెట్టు మీద ఉంటాడు. హడళ్ అంటే పురిటిలో కన్నుమూసిన స్త్రీ. తెలుగు పల్లెలలో బాలింత దయ్యం సరిగా ఆమెయే. నూతిలో పడినవారు, ఉరి పోసుకొన్నవారు, దూరదేశంలో చచ్చి కర్మకాండ జరగనివారు ఈ కోవలోనే చేరుతారు. నిండు నూరేండ్లు బ్రతికి, కొడుకుల చేతులలో ప్రాణం విడిచిన సంపన్నుడు ఈ కోవలో చేరడు. తమకు రావలసినది రాకముందే వెళ్లిపోయినవారు, వెళ్లగొట్టబడినవారు మాత్రమే దయ్యాలయ్యారు. పల్లెజనం కూర్చిన ఈ జాబితా నిజానికి అన్యాయాల జాబితా.

అయితే మరణం, హత్య, చితి – ఇవే భయానికి కారణాలా? కావనడానికి నిదర్శనం ఈ ఊరి నడిబొడ్డునే ఉన్నది. 1708లో గురు గోవింద్ సింగ్ ఈ గోదావరి తీరాన విడిది చేసి ఉండగా హంతకుడు ఆయనను కత్తితో పొడిచాడు. ఆ ఏడు అక్టోబరు 7న గురువు పరమపదించారు. ఆయన చితి వెలిగిన చోటునే నేడు అంగీఠా సాహిబ్ అంటారు; హుజూర్ సాహిబ్ గర్భగృహం ఆ చోటనే ఉన్నది. మహారాజా రంజిత్ సింగ్ పోషణలో 1832–1837 మధ్య కట్టిన కట్టడమది. శాస్త్రప్రకారం చూస్తే అది దహనవాటిక. జరిగినది చూస్తే అది హత్య. అయినా తెల్లవారుజామున చీకటిలో పసిపిల్లలను ఎత్తుకొని తల్లులు అక్కడికి వెళతారు. ఎవరికీ వెన్ను జలదరించదు. ఎవరు పోయారో, ఎందుకు పోయారో, ఎవరు పొడిచారో అందరికీ తెలిసిన చోట దయ్యానికి తావు దొరకలేదు.

ఇదే తీరంలో ఒకనాడు నిజంగా భయపడవలసిన చోటు ఒకటి ఉండేదని సిక్కు సంప్రదాయం చెబుతున్నది. మాధోదాస్ అనే బైరాగి ఆశ్రమమది. రాజౌరిలో 1670లో పుట్టిన లక్ష్మణ్ దేవ్ వేటలో చూలులేడిని చంపి, ఆ పశ్చాత్తాపంతో విరాగియై, దేశాలు తిరిగి నాందేడు చేరాడు. ఆయనకు మంత్రసిద్ధులున్నాయని, ఆశ్రమంలోని మంచం మీద ఎవరు కూర్చున్నా క్షుద్రశక్తులు వారిని పడదోసేవని ప్రతీతి. గురువు వచ్చి ఆ మంచం మీద కూర్చున్నారు, మంచం కదలలేదు. బైరాగి వచ్చి పాదాలపై పడి తాను బందానని, అంటే దాసుడనని అన్నాడు. అతడే బందా సింగ్ బహదూర్ అయ్యాడు. మంచం కథను ఎంత నమ్మాలో వినేవారి ఇష్టం. అటుపిమ్మట జరిగినది మాత్రం నమ్మక తప్పని చరిత్ర. సర్హింద్ ఫౌజుదారు వజీర్ ఖాన్ గురువుగారి పసికొడుకులు జొరావర్ సింగ్, ఫతే సింగ్‌లను గోడలో పెట్టి ఇటుకలు పేర్పించిన ఘోరానికి బదులుగా, నాందేడు నుంచి బయలుదేరిన ఈ బైరాగియే 1710 మే నెలలో చప్పర్‌చిరి యుద్ధంలో వజీర్ ఖాన్‌ను ఓడించాడు. ఆ యుద్ధంలో వజీర్ ఖాన్ హతుడయ్యాడు. 1716 జూనులో ఢిల్లీలో బందాను చిత్రవధ చేశారు. ముందుగా ఆయన కండ్ల ఎదుటే పసివాడైన కొడుకును చంపారు.

పిల్లలను సజీవంగా గోడలో కట్టిన సర్హింద్‌ను తలచినా గుండె చెరువవుతుంది. దయ్యాల కథకు అంతకు మించిన ముడిసరుకు ఏమి కావాలి? కాని అక్కడ వెలసినది ఫతేగఢ్ సాహిబ్ గురుద్వారా. ఆ పిల్లల పేర్లు ఇంటింటా తెలుసు కనుక వారు ఎవరినీ భయపెట్టలేదు.

ఇక కంధార్ కోట. నాందేడుకు నైరుతిగా, మన్యాడ్ నది దగ్గర, చుట్టూ నీటి కందకంతో నిలిచిన కోట అది. రాష్ట్రకూట మూడవ కృష్ణుని కాలపు వైభవం ఈ నేలది. అక్కడ దొరికిన క్షేత్రపాలుని బ్రహ్మాండమైన విగ్రహపు శకలాలను చూస్తే, ఊరిని భూతప్రేతాల నుంచి కాపాడేందుకు ఆనాటివారు ఎంత పెద్ద కాపలాదారును నిలిపారో అర్థమవుతుంది. కాపలాదారు ముక్కలైపోయాడు. తరువాత బహమనీలు, అహమదునగరు నిజాంషాహీలు ఈ కోటను ఏలారు. 1631లో షాజహాన్ సేనాని నసీరీ ఖాన్ దానిని ముట్టడించి పట్టుకొన్నాడు. కోటను గురించి వ్రాసేవారు సాధారణంగా అక్కడితో ఆపి తరువాతి పాలకుని దగ్గరకు వెళ్లిపోతారు. అక్కడే ఆగి చూడవలసి ఉన్నది. 1630 నుంచి 1632 వరకు దక్కనులోనూ, గుజరాతులోనూ ఘోరమైన క్షామం వచ్చింది. ఎముకలను పొడిచేసి పిండిలో కలిపి అమ్మినవారి సంగతిని షాజహాన్ ఆస్థాన చరిత్రకారుడు అబ్దుల్ హమీద్ లాహోరీయే తన పాద్‌షానామాలో నమోదు చేశాడు. వానలు లేక పైరు ఎండిన పల్లెల మీదుగా సైన్యాలు నడిచాయి. మిగిలిన గింజలు గుర్రాల దాణాకు పోయాయి.

ఆ సంవత్సరమే, 1631 జూనులో, బుర్హాన్‌పూర్‌లో షాజహాన్ భార్య ముంతాజ్ మహల్ పదునాలుగవ కానుపులో మరణించింది. పల్లె లెక్కన చూస్తే పురిటిలో పోయిన స్త్రీ హడళ్ కావాలి. ఆమె తాజ్ మహల్ అయింది. అదే ఏడు కంధార్ చుట్టుపక్కల ఆకలితో ఎండిన కడుపులతో పురుడు వచ్చి ఎందరు తల్లులు పోయారో లెక్క వ్రాసినవారు లేరు. పాడుబడిన బురుజుల చాటున రాత్రివేళ బాలింత ఏడుపు వినిపిస్తున్నదని ఎవరైనా అంటే, గాలి చప్పుడని కొట్టివేయడం సులభమే. గాలి చప్పుడే కావచ్చు. అయినా ఆ గాలిలో బాలింత ఏడుపే వినిపించడం ఊరక జరిగినది కాదు.

ప్రకృతి కారణాలను కూడా క్లుప్తంగా చెప్పుకోవాలి. పగలంతా ఎండకు కాగిన రాళ్లు, దూలాలు రాత్రి చల్లబడేటప్పుడు చిటపటమంటాయి. గబ్బిలాలు, గుడ్లగూబలు సరేసరి. వాడకం లేని పాతబావులలో బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది కనుక అడుగున పేరుకొంటుంది; దిగినవాడు స్పృహతప్పి పడిపోతాడు, వానిని తీయబోయినవాడూ పడిపోతాడు. బావి మనుషులను మింగిందని ఊరు అంటుంది. అందుకే పెద్దలు ముందుగా దీపాన్ని తాడుతో దించి చూసేవారు. దీపం ఆరితే ఎవరూ దిగేవారు కారు. ఆ దీపం చేసిన పనిని ఏ మంత్రగాడూ చేయలేదు. పైగా దయ్యాల పుకార్లతో లాభపడేది గుప్తధనం కోసం రాత్రులు తవ్వేవారు. నిధి పేరిట పసిప్రాణాలను బలిపెట్టే దురాచారం ఎంత నిజమంటే, డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ హత్య జరిగిన 2013లో మహారాష్ట్ర చేసిన నరబలి, చేతబడి నిరోధక చట్టం గుప్తధనం వేటలో జరిపే అమానుష కృత్యాలను కూడా నేరాల పట్టికలో చేర్చవలసి వచ్చింది.

ఈ ప్రాంతపు తెలుగువారికి కోటలకంటె దగ్గరివి గడీలు. మరాఠీలో గఢీ అన్నా తెలుగులో గడీ అన్నా వస్తువు ఒక్కటే. ఎత్తైన ప్రహరీ, మూలలకు బురుజులు, ఏనుగు పట్టే దర్వాజా, ముందు కచేరీ, వెనుక ధాన్యపు పాతర్లు, లోపలనే బావి. ఆ బావిని గురించే కథలన్నీ. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖులు, జాగీర్దారులు అక్కడి నుంచే ఊళ్లను ఏలారు. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, గొల్ల గొర్రెలివ్వాలి – అన్నీ వెట్టికి. దొర కూతురు అత్తవారింటికి వెళితే వెంట కొందరు ఆడపిల్లలను సామానుతోపాటు పంపేవారు. వారే ఆడబాపలు. వారు వంటింట్లో పుట్టి వంటింట్లో పోయినవారు. వారి బిడ్డలకు తండ్రి పేరు ఏ పటువారీ దఫ్తరులోనూ ఎక్కలేదు.

అటువంటి పిల్ల ఒకనాటి రాత్రి బావిలో తేలితే ఊరు ఎవరితో చెప్పుకోవాలి? మాలీ పటేలు, పోలీసు పటేలు, పటువారీ దొరవారే. తనిఖీకి వచ్చే అమీను భోజనం గడీలోనే. దొర చంపించాడని నోటితో అన్నవాడు మర్నాడు కచేరీలో కొరడా తినేవాడు. కాని గడీ బావిలో ఆడపిల్ల ఏడుపు వినిపిస్తున్నదని అంటే ఏ ఫిర్యాదూ చేసినట్లు కాదు. ఏ అమీనూ పట్టుకోలేడు. దయ్యం కథ అలా పుట్టిన సాక్ష్యం. న్యాయస్థానం లేనివారు చీకటిలో ఇచ్చుకొన్న వాఙ్మూలం. దొర చచ్చి, గడీ కూలి, జాగీర్దారీ 1949లో రద్దై పోయినా ఆ సాక్ష్యం చెరగలేదు. అయితే దానిలో ఒక లోపమున్నది. అది చోటును గుర్తుపెట్టుకొన్నది, మనిషిని మరచింది. తాత కాలంలో అది ఫలానావారి పిల్ల. మనుమల కాలానికి ఉత్త దయ్యం. చివరకు భయపెట్టేది చంపినవాడు కాదు, చచ్చిన పిల్లే అయింది. ఆమెకు ఇది రెండవ అన్యాయం.

పేరు నిలిచిన చోట జరిగినది వేరు. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి అధీనంలో 40,000 ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాశారు. 1946 జూలై 4న ఆయన మనుషుల తూటాలకు కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకూలాడు. ఆ ఊరిలో కొమరయ్యకు స్తూపమున్నది, దయ్యం కథ లేదు. ఆ ఏడే బిలోలి తాలూకా అర్జాపూర్ వద్ద రజాకార్లు గోవిందరావు పాన్సరేను చంపారు. నేడు అర్జాపూర్‌లో ఆయన పేరిట కళాశాల నడుస్తున్నది. నెత్తురొలికిన నేలకు దగ్గరగా పిల్లలు సైకిళ్లు తొక్కుకొంటూ తరగతులకు వెళతారు. గోలకొండలో తారామతి గజ్జెల చప్పుడు వింటామని సందర్శకులు చెవులు రిక్కిస్తారు. అదే కోటలో రామదాసు చెర దగ్గరకు వచ్చేసరికి చేతులు జోడిస్తారు. ఇందూరు ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్యులు గోడలమీద బొగ్గుతో పద్యాలు వ్రాశారు. ఆ చీకటి గది అప్పటి నుంచి భయానికి కాక పద్యానికి చిరునామా అయింది.

గడీ బావులలో తేలినవారికి బొగ్గుముక్క కూడా దొరకలేదు. అయితే వారి పేర్లు పూర్తిగా మాసిపోలేదు. 1948లో పదేండ్ల పిల్లలుగా ఉన్నవారు నేడు తొంబదికి చేరువైనా, దెగ్లూరు, బిలోలి, కిన్వట్ పల్లెలలో అరుగులమీద ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. పైవారు ఉంటే బావి దగ్గర దయ్యమున్నదనే అంటారు. ఇంటివారే ఉంటే గొంతు తగ్గించి మరొక మాట అంటారు. ఈ సభలోని విద్యార్థులు దీపావళి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ మరొక మాట కోసం అడగవచ్చును. దయ్యం ఎట్లా ఉంటుంది, కాళ్లు వెనక్కి ఉంటాయా అని కాదు. అవ్వా, ఆమె పేరేమిటి, ఎవరి బిడ్డ, ఏ ఊరి నుంచి తెచ్చారు, ఏ ఏట పోయింది అని. అవ్వ చెప్పినది చెప్పినట్లు, తారీఖు వేసి, నోటుపుస్తకంలో వ్రాసుకొని రావాలి.