ఎవరి ‘మేము’? ఎవరి ‘మనం’? కవిత్వంలో దేశం

(విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కవులు దేశాన్ని ఎలా చూశారన్నది ఈరోజు మన చర్చ. ఈ చర్చకు తెలుగు భాషే ఒక కొలబద్ద ఇచ్చింది. మనకు ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. దేశం మీద ఏ కవిత చదివినా నేను ముందు వెతికేది ఇదే. ఇందులో మనం ఎవరు? మేము ఎవరు?

గురజాడ 1910లో ‘దేశభక్తి’ గేయం రాశారు. దేశం అంటే నేల కాదు, ఆ నేల మీది మనుషులు అన్నారు. అది పెద్ద మలుపు. దేశాన్ని దేవతగా కొలిచే కాలంలో దాన్ని మనుషుల దగ్గరికి తెచ్చారు. అయితే వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఏ మనుషులు? ఊళ్లోవాళ్లేనా, వాడలోవాళ్లు కూడానా?

పదేళ్ల తర్వాత సహాయ నిరాకరణోద్యమ కాలంలో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ పాట కట్టారు. ఊరూరా జనం పాడుకున్నారు. ఆ పాట రాసినందుకు ఆయన జైలుకెళ్లారు. దేశం నిండా పంటలున్నా జనానికి తిండి లేదని, చివరికి ఉప్పు ముట్టుకున్నా తప్పేనని అందులో ఆయన బాధ. ఆ ‘మాకు’లో భారతీయులందరూ ఉన్నారని ఆయన నమ్మకం. బయట ఉన్నది తెల్లవాడొక్కడే.

ఆ పాటకు జవాబుగా రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ రాశారు. ఆయన వైద్యుడు, ‘జయభేరి’ పత్రిక నడిపినవారు. పేరులో మారింది ఒక్క మాటే, తెల్ల పోయి నల్ల వచ్చింది. కానీ అసలు మార్పు ‘మాకు’ అన్న మాటలో ఉంది. గరిమెళ్ల అందరి తరఫునా పలికిన ‘మాకు’లో మేము లేము అని ధర్మన్న చెప్పారు. తెల్లదొర చట్టంలో ఉప్పు ముట్టుకుంటే నేరం. నల్లదొర ఊళ్లో మాల మాదిగలు మంచినీళ్ల బావి ముట్టుకుంటే నేరం. మొదటి నేరం మీద జాతీయోద్యమం లేచింది. రెండో నేరం గురించి అడిగితే, ఇప్పుడు కాదు, స్వరాజ్యం వచ్చాక చూద్దాం అన్నవాళ్లే ఎక్కువ.

దండిలో గాంధీ ఉప్పు తీసింది 1930లో. మహద్‌లో అంబేడ్కర్ చెరువు నీళ్లు తాగింది అంతకు మూడేళ్ల ముందు, 1927లో. ఉప్పు కథ బడిపిల్లలందరికీ తెలుసు. నీళ్ల కథ ఎంతమందికి తెలుసో మీ తరగతిలోనే అడిగి చూడండి.

ఇక జాషువా. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ కాళిదాసు మేఘసందేశం పద్ధతిలో నడుస్తుంది. అక్కడ యక్షుడు ప్రియురాలికి కబురు పంపాడు. ఇక్కడ తంజావూరు ప్రాంతపు అరుంధతీయుడు కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? అది గుళ్లో వేలాడగలదు, అతను గుడి గడప తొక్కలేడు. పూజారి లేని సమయం చూసి శివుడి చెవిన వేయమంటాడు. దారి పొడుగునా కనిపించే ఊళ్లనీ చారిత్రక స్థలాలనీ ప్రేమగా వర్ణిస్తాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. దేశం మీద ప్రేమ లేనివాడు అలా వర్ణించగలడా? ప్రేమ అతనిది, ప్రవేశం గబ్బిలానిది. ‘నువ్వు దేశాన్ని ప్రేమిస్తున్నావా?’ అని దళితుణ్ణి ఇప్పటికీ అడుగుతారు. ‘దేశం నిన్ను లోపలికి రానిస్తోందా?’ అన్నది జాషువా ప్రశ్న.

జాషువాను ఒక్క గాటన కట్టలేం. గాంధీ మరణం మీద ‘బాపూజీ’ రాసిందీ ఆయనే. చెందాలన్న కోరిక, చెందనివ్వని లోకం మీద కోపం, రెండూ ఒకే గుండెలో ఉన్నాయి. అది వైరుధ్యం కాదు. మన బతుకులు తెలిసినవాళ్లకు అది మామూలు సంగతి.

1931లో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు తనకు మాతృభూమి లేదని అంబేడ్కర్ ముఖం మీదే చెప్పారు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 1949 నవంబర్ 25న, రాజ్యాంగ సభలో నిలబడి వేల కులాలుగా చీలినవాళ్లు ఒక జాతి ఎలా అవుతారని అడిగారు. దేశం లేదన్న మనిషే దేశానికి రాజ్యాంగం రాయడంలో ముందు నిలిచారు. అంబేడ్కర్ దృష్టిలో జాతి అంటే ముందే సిద్ధంగా ఉన్న వస్తువు కాదు, సోదరత్వంతో కట్టుకోవలసిన ఇల్లు. ధర్మన్న, జాషువా అడిగిందీ ఆ ఇంట్లో చోటే.

చివరిగా విద్యార్థులకు, అధ్యాపకులకు ఒక మాట. మన పాఠాల్లో చాలా చోట్ల గరిమెళ్ల ‘జాతీయోద్యమ కవిత్వం’ కింద వస్తారు, ధర్మన్న ‘దళిత కవిత్వం’ కింద వస్తారు. ఒకరికి జవాబుగా ఇంకొకరు రాసిన పాటలు వేరువేరు గదుల్లో ఉంటాయి. సిలబస్‌లోనూ ఊరు, వాడ అన్నమాట! గరిమెళ్లను తగ్గించమని నేను అనడం లేదు. పాట కోసం జైలుకెళ్లి, చివరికి పేదరికంలో పోయిన మనిషి ఆయన. ఆ రెండు పాటలనూ ఒకే రోజు, ఒకే తరగతిలో చదవమంటున్నాను. ధర్మన్న పాట జాతీయ కవిత్వానికి అనుబంధం కాదు, జాతీయ కవిత్వానికి పెట్టిన పరీక్ష. ‘మేము’ అని విడిగా చెప్పుకోవలసి వచ్చినవాళ్ల మాట పూర్తిగా విన్నాకే ‘మనం’ అనే హక్కు ఎవరికైనా వస్తుంది.

జై భీమ్.