కచేరీలో మన యంశము

(మన సంఘ వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు మమ్ము సంస్కృతవిద్యను గూర్చి మాటలాడుడని కోరిరి. ఆ విషయమున మేము గడచిన మూడు మహాసభలయందును మాటలాడితిమి. వినువారు వినిరి, భోజనశాలకు బోవువారు పోయిరి. కావున నీయేడు సంస్కృతమును బొత్తిగా విడువకయే, సంగీతకచేరీలకు సంవత్సరచందా గట్టుట యను చిన్నవిషయమును మీ ముందుంచ దలచితిమి. ఉప్పలునందును నాచారమునందును గాపురముండు మన కుటుంబములవారి కిది ముఖ్యముగా జెప్పవలసిన మాట.

మైసూరు శామశాస్త్రిగారు 1909వ సంవత్సరమున బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, ధర్మస్థీయమను మూడవ యధికరణములో, గ్రామపు గట్టుబాట్లను జెప్పుచోట నొక నియమము గలదు. ఊరివారు గూడి ప్రదర్శన మేర్పఱచుకొన్నపుడు తన యంశము నియ్యనివాడు తన వారితో గూడ దానిని జూడరాదు. చాటుననుండి చూచినను వినినను రెండంశములు చెల్లింపవలెను. చూచుట సరే, వినుటను గూడ నిందు జేర్చిన సూక్ష్మబుద్ధిని గమనింపుడు. పాట గోడను దాటి వచ్చును. గోడ కావల నిలిచినవాడును ఋణపడినవాడే యని యా రాజనీతిజ్ఞుని తీర్పు. చందా యను మాట మనకు దరువాత వచ్చినది గాని, వస్తువు మాత్రము మనవారెఱిగినదే.

ఈ నియమము మాకు జిరకాలమునుండి తెలియును. తెలిసియు ముప్పదియేండ్లు దాని నుల్లంఘించితిమి. నాచారమున నద్దెయింట నుండి బడిపని చేసికొనుచు, పట్టణమున నుచితకచేరి యున్నదనిన బోయి ముందువరుసలో గూర్చుండెడివారము. రుసుము పెట్టిన కచేరికి మిత్రులచేత బాసు తెప్పించుకొనెడివారము. సంగీతరసికులమని నలుగురును మమ్మనుట మాకు బ్రియముగనే యుండెడిది.

మెట్రోరైలు రాకమునుపటి మాట. ఒకనాటి సాయంకాలము నగరమున నొక కచేరికి బోయితిమి. ఆరుగంటలకు మొదలు కావలసినది. ధనమిచ్చినవారికి సన్మానము, వారిని బిలిచినవారికి సన్మానము, పిమ్మట నతిథుల యుపన్యాసములు! గాయకుడు శ్రుతి చేసికొని గంటకు పైగా గూర్చుండెను. తుదకు నాలుగు కీర్తనలును, కుదించిన తని యావర్తనమును, మంగళమును. తిరుగుబస్సులో మా ప్రక్కన గూర్చున్న యువకుడు, గుడ్డసంచిలో మృదంగమును ఒడిలో బెట్టుకొన్నవాడు, మమ్ము జూచి నమస్కరించెను. మా పూర్వశిష్యుడే! ఆనాటి కచేరిలో మృదంగము వాయించినది యితడే యని యప్పటికి గాని మాకు దెలియలేదు. పగలు నాచారపు బారిశ్రామికవాడలో నొక కర్మాగారమున బనిచేయుచు, రాత్రులు సాధన చేయుచున్నాడట.

ఏమి యిచ్చిరని యడిగితిమి. “శాలువా కప్పారండీ మాస్టారూ. శాలువాలకు మా ఇంట్లో లోటు లేదు. మృదంగానికి కొత్త తోలు వేయించాలి, అదే కుదరడం లేదు” అనెను. కొంతసేపు కిటికీలోనుండి చూచి, మెల్లగా, “మీరు ముందువరుసలో కనిపించారండీ. నేను తని మొదలుపెట్టగానే లేచి వెళ్లారు. ఒంట్లో బాగుండలేదేమో అనుకున్నాను” అనెను.

మాకు శరీరమున నేమియు లోపము లేదు. కాఫీకై లేచితిమి. పాఠము నడుచుచుండగా లేచి పోయిన బాలుని మేమేమి చేసెడివారమో యా శిష్యునకు దెలియును, మాకును దెలియును. ఉప్పలు వచ్చువఱకు మేము మరల మాటలాడలేకపోతిమి.

మఱుసటియేడు మొదటిసారిగా నొక సభకు సంవత్సరచందా గట్టితిమి. అది వైరాగ్యముచేత గాదు, సిగ్గుచేత. అప్పుడు దెలిసివచ్చిన సంగతులను జెప్పెదము.

చందా యనగా బేరుగాంచిన విద్వాంసుని పాట నొకనాడు కొనుట గాదు. ఎవరు పాడుదురో తెలియని దినములను గూడ ముందుగనే కొనుట. వాన కురియుచున్న నాడును, మోకాలు నొచ్చుచున్న నాడును, సొమ్ము చెల్లించితిమి గదా యని బయలుదేఱుదుము. సొమ్ము పోవునను లోభమే మమ్ము రసమార్గమున బెట్టినదని చెప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. ఆ యేట రెండు కచేరీలు మాకు రుచింపలేదు, ఒకదానిలో నిద్రించితిమి. కాని యొక్క సంవత్సరములో దోడిరాగమును నలుగురి నోట వింటిమి. మొదటివాడు పాడినపుడు ప్రక్కవారి నడిగి రాగము పేరు దెలిసికొంటిమి. నాలుగవసారి గాయకుడు రాగమును విస్తరింపక మునుపే మా పెదవులపై దోడి యను మాట నిలిచినది. ముప్పదియేండ్లు పాసులతో విన్నపు డిది మాకు లభింపలేదు. ఏలయన మాకు నచ్చినవారినే, నచ్చినంతసేపే వింటిమి. మృదంగవాదనమున లేచి పోవు నలవాటును మానుకొంటిమి. మొదట వ్రేళ్లతో దాళమును లెక్కించుచు దప్పుచుంటిమి, ఇప్పటికిని దప్పుచున్నాము.

నాట్యశాస్త్రము నిరువదియేడవ యధ్యాయమున భరతముని ప్రేక్షకుని గుణములను బెక్కింటిని జెప్పి, ఇవన్నియు నొక్కనియందే యుండవని తానే యొప్పుకొనినాడు. మావంటివారి కది గొప్ప యూఱట.

ఇక సభ సంగతి. ఎవరు సొమ్మిత్తురో సభ వారి దగును. శ్రోత యియ్యనిచో దాత యిచ్చును; దాత యిచ్చినపుడు దాతకు శాలువ గప్పవలెను, అతని బంధువునకు గుర్చీ వేయవలెను, అతని యుపన్యాసము వినవలెను. దాతల నిందించుట మా యుద్దేశము గాదు. ఈ వేదికపైననే పెక్కురు గూర్చున్నారు. కాని గాయకుని గంట నుపన్యాసములు తినివేసిన దోషము ముందుగా నుచితముగా గూర్చున్న మాది.

రాజులున్న దినములలో నీ భారము వారు మోసిరి. విజయనగర సంస్థానాధీశుడు 1919లో సంగీతకళాశాలను నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రథమాధ్యక్షునిగా నియమించెను; ద్వారము వేంకటస్వామినాయుడుగారు అక్కడనే ఫిడేలు నేర్పిరి. మన యుప్పలునకు బొరుగున నున్న అంబరుపేటలో బండిత మోతీరామ్‌గారి సమాధి గలదు. నిజాముగారి యాస్థానవిద్వాంసునిగా బ్రకటింపబడవలసిన దినముననే, 1934లో, ఆ మహాగాయకుడు కాలధర్మము జెందెను. అప్పటికి నాలుగేండ్ల బాలుడగు జస్‌రాజ్ పెరిగి జగద్విఖ్యాతుడై, 1972 మొదలుకొని తండ్రి పేర నీ నగరమున బ్రతివర్షమును సంగీతోత్సవము నడపెను. 2020లో దాను గతించువఱకు నా శ్రద్ధ విడువలేదు. తండ్రి ఋణమును గుమారుడు తీర్చెను. శ్రోతల ఋణమును దీర్చుట కెవరి కుమారులు రావలెను?

మదరాసువారు దీనిని ముందుగా గ్రహించిరి. 1927లో గాంగ్రెసు మహాసభతో బాటు జరిగిన సంగీతసమ్మేళనమునుండి పుట్టి 1928లో బ్రారంభమైన మ్యూజిక్ అకాడమీ, నేటికిని డిసెంబరుమాసమున బూర్వాహ్ణము మొదలు రాత్రివఱకు గచేరీలు నడపుచున్నది. అచ్చట ఋతువంతటికి టిక్కెట్టు గొని, తమ కుర్చీని దామే కాపాడుకొనువారు గలరు. మన ద్వారమువారికి 1941లోను, శ్రీపాద పినాకపాణిగారికి 1983లోను సంగీతకళానిధి బిరుదము లభించినది యా సభలోనే. త్యాగరాజస్వామి పాడినది తెలుగున. కుర్చీకి వెల యిచ్చి విను నలవాటు మాత్రము మనవారికంటె నఱవవారి కెక్కువ. మన నగరమునను గొన్ని సభలకు సభ్యత్వచందా గలదు. పుచ్చుకొనువారున్నారు, ఇచ్చువారే తక్కువ.

దూరమందురా? ఉప్పలునుండి 2017 నవంబరు మొదలు మెట్రోరైలు నడచుచున్నది. పెరేడ్ గ్రౌండుకడ మాఱినచో, 2020 ఫిబ్రవరిలో దెఱచిన మార్గమున జిక్కడపల్లి చేరవచ్చును. త్యాగరాయ గానసభ యక్కడనే. అమీరుపేటలో మాఱి లకడీకాపూలున దిగినచో, 1961లో బ్రారంభమైన రవీంద్రభారతి చేరువ. నాచారమువారికి మాత్రము స్టేషను లేదు. హబ్సిగూడవఱకు నాటోలో బోవలెను. మేము పోవుచున్నాము. 2019 నుండి యుప్పలు భగాయతులోనే చిన్న శిల్పారామ మున్నది. వారాంతములందు నృత్యగానములు జరుగును. అచ్చటి ప్రవేశరుసుము నడుగుటకు గూడ మనవారిలో గొందఱు వెనుదీయుట మేము చూచితిమి. ఆ వెనుదీసినవారే ఉప్పలు స్టేడియమున గ్రికెట్టు పందెము జరుగునాడు టిక్కెట్టునకై యెన్ని పాట్లు పడుదురో చెప్పనక్కఱలేదు. మా మనుమడును వారిలోనివాడే. మేమే సొమ్మిచ్చితిమి.

పేదవారి మాట యేమని యొక మిత్రుడు ప్రశ్నించెను. మంచి ప్రశ్న. సంగీతము నేర్చుకొను బాలబాలికలకు మన సంఘనిధినుండి చందా గట్టుదము. వారి యంశమును మన మిత్తము గాక. కాని కారులో వచ్చి పాసు నడుగువానికి బేదఱిక మను పేరు పెట్టవలదు. సెల్‌ఫోనున నన్నియు నుచితముగా వచ్చుచుండగా నేల యందురా? మేమును విందుము. ఆ యంత్రములో మృదంగము వాయించువాడు మనము లేచి పోవుటను జూడడు. అదియే దానియందలి సుఖము, అదియే లోపము.

మా ప్రార్థన యొక్కటి. పదికుటుంబములవారు గూడి యేదేని యొక సభకు వచ్చు సంవత్సరమునకు జందా గట్టుదము. కలసి పోవుదము, మంగళము పాడువఱకు గూర్చుందము. కార్యదర్శిగారు మాకు గప్పుటకై శాలువ తెప్పించినట్లు వింటిమి. దానిని దుకాణమునకు ద్రిప్పి పంపి, ఆ సొమ్మును విద్యార్థుల చందాలలో జమకట్టవలెనని వారిని గోరుచున్నాము. పేరులు వ్రాసికొనుటకు భోజనశాల ద్వారముకడ నొక పుస్తక ముంచితిమి. ఆ దారి మీ కెల్లరకును దెలిసినదే. అందు మొదటి రెండు పేరులు మాదియు మా యింటివారిదియు. మూడవది మృదంగము వాయించు మా శిష్యునిది. తన యంశమును దానే యిచ్చెదనని పట్టుబట్టి వ్రాసినాడు.