దొరల దేశంలో సముద్రం సెలవులు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున 1982 నాటి నకారా తీర్పు గురించి, కరువు భత్యం బకాయిల గురించి చెప్పుకోవడం మన ఆనవాయితీ. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే చెప్పారు. కార్యదర్శిగారు మాత్రం నాతో, "మీరు ఇంగ్లండు వెళ్లొచ్చారు గదా, అది చెప్పండి, జనం నిద్రపోకుండా ఉంటారు" అన్నారు. భోజనాలకు ముందు ఆఖరి ప్రసంగం నాది. వంటవాళ్ల వైపు నుంచి సాంబారు వాసన వస్తున్నది. ఎక్కువ విసిగించను.

మా అబ్బాయి అక్కడ డాక్టరు. 2014 మే నెలలో వెళ్లి ఐదు నెలలున్నాను. లండను కాదు, ఉత్తరాన లంకాషైర్ అనే జిల్లా. చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం గదా, మన నేతగాళ్ల పొట్టకొట్టిన మిల్లుగుడ్డ అని, అది నేసిన చోటన్నమాట. పెండిల్ అనే కొండ కింద చిన్న పల్లెలో మావాడి ఇల్లు. పక్కింట్లో ఎనభై దాటిన పెద్దాయన ఒక్కరే ఉండేవారు. మొదటి వారం ఆయన మాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ యాస అలాంటిది. అంగట్లో పాలు కొనబోతే కౌంటరు దగ్గరి ఆమె నన్ను "లవ్" అని పిలిచింది. నేను కంగారుపడి చిల్లర తీసుకోకుండా ఇంటికొచ్చేశాను. అక్కడ అందరినీ అలాగే పిలుస్తారని మా కోడలు చెప్పి నవ్వింది.

పెద్దాయన నన్ను పేరు పెట్టి పిలిచేవారు. ఆయనను నేను పేరుతో పిలవలేక "సర్" అనేవాణ్ని. వద్దనేవారు, నాకు నోరు తిరిగేది కాదు. విశేషమేమంటే ఆయనా గుమాస్తాయే. బర్న్‌లీ పట్టణంలో ఒక నూలుగుడ్డ మిల్లులో జీతాల లెక్కలు రాసేవారట. నేను ఖజానా కార్యాలయంలో ముప్పై ఏడేళ్లు బిల్లులు పాసు చేసినవాణ్ని. ఇక మాటలకు కొదవేముంది?

వాళ్ల అమ్మా నాన్నా ఇద్దరూ మిల్లులో నేతపనివాళ్లు. 1931 సెప్టెంబరులో రౌండు టేబులు సమావేశానికి వెళ్లిన గాంధీగారు డార్వెన్ అనే ఊరికి వచ్చారు. మన విదేశీ వస్త్ర బహిష్కారం వల్ల పని పోయిన మిల్లు కార్మికుల ప్రాంతం అది. వాళ్లే ఆయనను ఆదరంగా చూశారు. పెద్దాయన అప్పటికింకా పుట్టలేదు. "ఆ ఏడు మా అమ్మ పని లేక ఇంట్లోనే ఉంది, అయినా ఆయన్ని తిట్టగా నేను వినలేదు" అన్నారు.

ఆ మిల్లుల ఊళ్లలో వేక్స్ వీక్ అని ఒక వారముండేది. మొదట అది ఊరి చర్చి ఉత్సవం, మన తిరునాళ్ల వంటిది. మిల్లులు వచ్చాక అది సెలవుల వారమైంది. ఒక్కో ఊరికి ఒక్కో వారం. ఆ వారం ఊళ్లో మిల్లులన్నీ ఒకేసారి మూసేవారు. బాయిలర్లు కడుక్కోవడానికి యజమానికి వీలు, సముద్రానికి పోవడానికి పనివాళ్లకు వీలు. పొగగొట్టాలు ఆగిపోయి ఏడాదిలో ఆ కొన్నాళ్లే ఆకాశం తేటగా కనబడేదట. కానీ చూడడానికి ఊళ్లో ఎవరూ ఉండేవారు కారు. అందరూ బ్లాక్‌పూల్‌లో ఉండేవారు!

జీతం మాట ఏమిటని అడిగాను. నా వృత్తి అది గదా. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చేదాకా చాలామందికి ఆ వారం జీతం లేదు. అందుకని ఏడాది పొడుగునా వారం వారం కొంత సొమ్ము మిల్లులోనే చీటీలాగా కట్టి, బయలుదేరే ముందు తీసుకునేవారట. వాళ్ల నాన్న ఒక్క వారం కూడా తప్పలేదని చెప్పేటప్పుడు పెద్దాయన గొంతులో గర్వం వినబడింది.

బ్లాక్‌పూల్ అంటే ఐరిష్ సముద్రం ఒడ్డున ఊరు. 1894లో కట్టిన 518 అడుగుల ఇనుప గోపురం, సముద్రం మీదికి చొచ్చుకుపోయే మూడు వంతెనలు, 1885 నుంచి నడుస్తున్న కరెంటు ట్రాములు. రైలు ఇంకా ఊరు చేరకముందే గోపురం ఎవరికి ముందు కనబడితే వాళ్లకు నాన్న ఒక పెన్నీ ఇచ్చేవారట. బస ఇంటి యజమానురాళ్ల దగ్గర. వాళ్ల నిబంధనలు మన ఖజానా కోడ్ కంటే కఠినం. పొద్దున ఫలహారం కాగానే బయటికి నడవాలి. వాన పడినా సరే, వేళకు గాని తలుపు తీయరు. స్నానానికి వేరే రుసుము. వాళ్ల నాన్న దాచిన బిల్లొకటి పెద్దాయన చూపించారు. అందులో ఉప్పు, మిరియాల సీసాలు వాడుకున్నందుకు విడిగా ఒక పద్దు! "ఈ పద్దు మా ఆడిట్‌వాళ్లు ఒప్పుకోరు" అన్నాను. చాలాసేపు నవ్వారు. యుద్ధం తర్వాత రేషను రోజుల్లో వెళ్తే రేషను పుస్తకాలు కూడా ఆమె చేతిలో పెట్టాల్సిందేనట.

ఇంతా చేసి ఆ సముద్రం చన్నీళ్లు. కాళ్లు పెడితే కొంకర్లు పోతాయి. నాన్నగారు కోటు, టై విప్పకుండానే ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చేతిరుమాలుకు నాలుగు మూలలా ముడులు వేసి టోపీలాగా నెత్తిన పెట్టుకుని ఇసుకలో కూర్చునేవారట. ఆ ఫోటో నేను చూశాను. ఎక్కడో మన గోదావరి పుష్కరాల్లో చూసిన మనిషిలాగే ఉన్నారు.

ఇసుకలో పిల్లలను ఎక్కించుకుని తిప్పే గాడిదలుంటాయి. వాటికి ఊరి పాలకమండలి 1942లోనే సర్వీసు నిబంధనలు రాసింది. పని వేళలు ఇన్ని, మధ్యాహ్నం గంటసేపు భోజన విరామం, వారానికి శుక్రవారం సెలవు. మన వర్క్ చార్జ్‌డ్ సోదరులు ఈ సభలో ఉన్నారు, వాళ్లు మనసు కష్టపెట్టుకోకూడదు.

అక్కడి మిఠాయి ఒకటి చెప్పాలి. రాక్ అంటారు, చక్కెర పాకంతో చేసిన గట్టి కడ్డీ. ఎక్కడ విరిచినా లోపల ఊరి పేరు కనబడుతుంది. రంగు పాకంతో అక్షరాలు పేర్చి, లావుపాటి దుంగలాగా చేసి, వేడిగా ఉండగానే సన్నగా సాగదీస్తారట. మా మనవడు అది నమిలి పన్ను కదిలించుకున్నాడు.

పెద్దాయన పెళ్లి 1956లో. పెళ్లయిన వారం అక్కడే గడిపారు. ఆ తర్వాత ఏటా అదే వీధి, అదే గది. 1960లలో మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి, ఆయనకు మునిసిపల్ ఆఫీసులో వేరే ఉద్యోగం దొరికింది. 1964లో బ్లాక్‌పూల్ సెంట్రల్ స్టేషను కూడా మూసేశారు. జనం చవక విమానాల్లో స్పెయిను పోవడం మొదలుపెట్టారు. వీళ్లూ ఒకసారి వెళ్లారట. ఎండ బాగుంది, సముద్రం నీలంగా ఉంది, కానీ ఆవిడ మూడో రోజే, "పలకరించడానికి ఒక్క మనిషి లేడు" అన్నదట. నిజమే మరి, వేక్స్ వారంలో బ్లాక్‌పూల్ వెళ్తే ఇంటి పక్కవాళ్లు అక్కడా పక్క గదిలోనే గదా!

పల్లె సంగతి రెండు ముక్కలు. రాతి ఇళ్లు, వాగు, చర్చి, ఒక సారాయి అంగడి. పోస్టాఫీసు మూసేశారు. ఎర్ర టెలిఫోను పెట్టెలో ఫోను తీసేసి పుస్తకాలు పెట్టుకున్నారు. అరవై దాటినవాళ్లకు రైల్లో రాయితీ కార్డు, ముసలివాళ్లకు బస్సు పూర్తిగా ఉచితం. అయితే ఆ బస్సు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. జూలైలో ఊరి సంబరం జరిగింది. జాములు, పచ్చళ్ల పోటీలో మా కోడలు నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. జడ్జిగారు ఒక చెంచా నోట్లో వేసుకుని, రెండు గ్లాసుల నీళ్లు తాగి, మూడో బహుమతి ఇచ్చారు. పోటీలో ఉన్నది ముగ్గురే.

సెప్టెంబరులో పెద్దాయన నన్ను బ్లాక్‌పూల్ తోడు రమ్మన్నారు. భార్య పోయాక వెళ్లలేదట, ఒక్కరినే పంపడానికి కూతురు ఒప్పుకోలేదట. రైల్లో వెళ్లాం. ఆయన గోపురం కోసం కిటికీకి ముఖం ఆనించి చూస్తూనే ఉన్నారు. ముందు నాకే కనబడింది, చెప్పలేదు. ఆయనే చూశాననుకుని జేబులోంచి ఒక పెన్నీ తీసి తన రెండో చేతిలో తానే పెట్టుకున్నారు. పాత ఇంటి కోసం వెతికాం. ఆ ఇంటి గదులన్నీ అద్దె వాటాలైపోయాయి. కింది కిటికీ అద్దం పగిలితే అట్టముక్క అడ్డం పెట్టారు. పైకి చూసి, "అదే కిటికీ" అని మాత్రం అన్నారు.

తర్వాత సముద్రం ఎదుట బెంచీ మీద కూర్చున్నాం. గాలి ముఖం కోస్తున్నది. ఆయన ఉన్నట్టుండి అడిగారు: "మీ ఆవిడను నువ్వు ఏ సముద్రానికి తీసుకెళ్లేవాడివి?"

మిత్రులారా, మా ఆవిడ మొదటిసారి అడిగింది 1978లో, ఎదురింటివాళ్లు ఎల్టీసీ మీద విశాఖపట్నం వెళ్లొచ్చినప్పుడు. వాళ్లు తెచ్చిచ్చిన శంఖం ఒకటి దేవుడి గూట్లో పెట్టుకుంది. పిల్లల చెవి దగ్గర పెట్టి హోరు వినిపించేది. "వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. ఏ ఏటికా ఏడు సెలవు సరెండరు చేసి డబ్బు తీసుకున్నాను. అమ్మాయి పెళ్లికి కొంత, ఇంటి స్లాబుకు కొంత. లెక్కలో తప్పు లేదు, ఇప్పటికీ కాగితాలు చూపించగలను. నేను రిటైరయ్యేసరికి ఆమెకు మోకాళ్లు పోయాయి. 2011లో తనే పోయింది. నంద్యాల నుంచి సముద్రం ఏమంత దూరం చెప్పండి?

ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. ఏడాదికి ఒక్క వారం, అదీ జీతం లేని వారం దొరికిన నేతపనివాడి కొడుకు అడుగుతున్నాడు. "విశాఖపట్నం" అన్నాను. ఎన్నిసార్లు అన్నారు. చాలాసార్లు అన్నాను. అక్కడ ఎలా ఉంటుందన్నారు. ఎదురింటివాళ్లు చెప్పినదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఇంటికి వెళ్లాక అక్కడి నుంచి నాకొక బొమ్మకార్డు పంపు" అన్నారు.

అందుకని 2015 జనవరిలో వెళ్లాను. మా అక్క తోడొచ్చింది, ఆమెకప్పుడు డెబ్భై ఐదు. శంఖాన్ని సంచీలో పెట్టుకెళ్లాను. నీళ్లలో వదలాలనుకున్నాను గానీ మనసొప్పక మళ్లీ తెచ్చేశాను. బొమ్మకార్డు ఎక్కడా దొరకలేదు. బీచిలో ఫోటో తీసేవాడితో మా అక్కదీ నాదీ ఒకటి తీయించి, వెనక నాలుగు మాటలు రాసి కవరులో పంపాను. నా అబద్ధం సంగతి రాయలేదు. ఆ ఫోటో ఆయన వంటింట్లో గోడకు అంటించారని మా అబ్బాయి చెప్పాడు. 2019లో ఆయన కాలం చేశారు. ఆయనతో చెప్పలేని మాట మీతో చెప్పాను.

ఇక కార్యదర్శిగారు చెప్పమన్న అసలు విషయం. ఫిబ్రవరిలో మన సంఘం తరఫున బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రతీరానికి రెండు రోజుల ప్రయాణం అనుకున్నాం. రైల్లో గుంటూరు మీదుగా. దంపతులకు, ఒంటరిగా ఉన్నవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి కూడా ఏర్పాట్లుంటాయి. ఇసుకలోకి తీసుకెళ్లడానికి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు నేను పెట్టుకుంటాను. పేర్లు సంక్రాంతి లోపల కోశాధికారిగారి దగ్గర రాయించండి. ఉప్పుకు వేరే పద్దు వేయబోమని వారు నాకు మాటిచ్చారు.