కొలువున మాటయు మమకారమును



మన కులమునందలి యువజనులలో నెందరికి కొలువులు దొరకినవో సంఘ నివేదికలో విని సంతసించితిమి. దొరకిన కొలువును తమదిగా నెంచువా రెందరో యెవరును లెక్కింపలేదు. దానిని గూర్చియే మా మనవి.

మన అమ్రాబాదు అడవినే చూడుడు. 1983లో వ్యాఘ్రసంరక్షణ ప్రణాళికలో జేరిన నాగార్జునసాగర్-శ్రీశైలము అరణ్యము, 2014లో రాష్ట్రము వేరుపడిన పిమ్మట రెండు కాగా, కృష్ణకు నుత్తరమున నున్న భాగము అమ్రాబాదు పేర బరగుచున్నది. అందలి బేస్ క్యాంపులలో కాపలా కాయువారిలో చెంచులు గలరు. నాలుగేండ్ల కొకసారి జరుగు పులుల గణనమునకు జాడ గుర్తించుట, కెమెరా కట్టదగిన త్రోవ జూపుట వారికి పుట్టుకతో వచ్చిన విద్య. ఫలితము మాత్రము ఆంగ్లమున గ్రంథమై వెలువడును. “నీవు జూపిన త్రోవలోనే పులి చిక్కెనయ్యా, ఇదిగో బొమ్మ” యని క్యాంపునకు వచ్చి చెప్పు నధికారి యొకడు. హాజరు వేసికొని మరలిపోవు నధికారి వేరొకడు. మొదటివానితో నా కాపలాదారు “మన అడవి” యనును. రెండవవానితో “మీ డ్యూటీ” యనును. జీతము రెండుచోట్ల నొక్కటే!

భాష మారినంతనే యీ దూరము తొలగదు. 1884లో హైదరాబాదు రాజ్యమున పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాష యయ్యెను. తెలుగు మాత్రమే యెరిగిన రైతునకు రెండును దుర్గ్రాహ్యములే. 1966లో తెలుగునకు అధికారభాషా శాసనము వచ్చినది. అయినను మేము పనిచేసిన యొక పాఠశాలలో నుత్తరువులు తెలుగుననే గోడ కంటింపబడెడివి. కారణ మడిగినవారికి “సంతకము చేయుడు” అనుటయే సమాధానము. (అందలి సంధిదోషములను దిద్దుకొనుచు మేము కాలము గడిపితిమి, అది వేరు సంగతి.) ఇప్పుడో, అర్ధరాత్రమున వాట్సాప్‌లో నుత్తరువు వచ్చును. చూచినట్లు నీలిగీతలు పడును. అడుగుటకు మనిషి యుండడు.

ఈ సభలో నధికారులైన మనవారు పలువు రున్నారు. క్రింది యుద్యోగిని వారమున కొకసారి కూర్చుండబెట్టి వినుడనియు, తండ్రి వయసున్న అటెండరును “ఏరా” యనవలదనియు వారిని బ్రార్థించుచున్నాము.

మన సంఘము మాత్రము తక్కువ తిన్నదా? గ్రామశాఖల లేఖలకు పక్షము దినములలో ప్రత్యుత్తర మీయవలెనని యొక తీర్మానము వ్రాసి కార్యదర్శిగారికి సమర్పించితిమి. దానికైనను ప్రత్యుత్తరము దయచేయుదురుగాక!